జడ్జిగారి దగ్గులు టైపు చేసిన రోజులు

జడ్జీలను ఓట్లేసి ఎన్నుకునే చోట్లు కూడా ఈ భూమ్మీద ఉన్నాయని నాకు ముప్ఫై నాలుగేళ్లు వచ్చేదాకా తెలియదు. తెలిసిన రోజున నేను ఆక్లాండ్ శివారు టకానినిలో మా ఇంటి గరాజ్‌లో, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకొని, కుడికాలి కింద పెడల్ పెట్టుకొని కూర్చుని ఉన్నాను.

నా పని టైపింగ్. ఎక్కడెక్కడి వాళ్లో మాట్లాడిన రికార్డింగులు వస్తాయి. పెడల్ నొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, మడమతో తొక్కితే కొంచెం వెనక్కి పోతుంది. విన్నది విన్నట్టు ఇంగ్లిష్‌లో కొట్టి పంపాలి. ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చి, మనురేవాలో ముందు ఒక పెట్రోల్ బంకులోనూ తరవాత ఒక డెయిరీలోనూ పనిచేశాను. ఇక్కడ వీధి చివరి కొట్టును డెయిరీ అంటారు. అక్కడ నిలబడి నిలబడి కాళ్లు అరిగాక, కూర్చుని చేసే పని దొరికిందని సంబరపడ్డాను. మామూలుగా నాకు వచ్చేవి డాక్టర్ల ఉత్తరాలు. ఆక్లాండ్‌లో ఎవరి మోకాలు ఎంత వాచిందో నాకు తెలిసినంతగా వాళ్ల ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు.

ఆ రోజు మౌంట్ ఆల్బర్ట్ ఆఫీసు నుంచి మా సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. నాకంటే ఐదారేళ్లు చిన్నది, కోస్తా పిల్ల, ఎప్పుడూ తొందరలోనే ఉంటుంది.

"అక్కా, నీకో పెద్ద ప్రాజెక్ట్ ఇస్తున్నా. అమెరికా. ఎలక్షన్."

"ఎవరు, ఎంపీనా?"

"జడ్జి అక్కా. వాళ్ల రాష్ట్రానికి ప్రధాన న్యాయమూర్తిగా నిలబడ్డాడంట. ఓట్లతోనే."

"ఏందీ, జడ్జికి ఓట్లా?"

"నేనూ అదే అడిగాను. అక్కడంతేనంట. కన్జర్వేటివ్ మనిషి. మొదటి సభలోనే మాటిచ్చేశాడు. ఇవాళ్టి నుంచి ఓట్ల లెక్కింపు పూర్తయ్యేదాకా నేను మాట్లాడే ప్రతి మాటా రాతలో పెడతాను, ఎవరైనా చదువుకోవచ్చు, నేను ఏం మాట్లాడానని అనుమానం వస్తే ఆ రాతే ఆఖరు అన్నాడంట. మెడలో రికార్డర్ వేసుకుని తిరుగుతున్నాడు."

ఆ పని ఇంత దూరం ఎందుకు వచ్చిందంటే, వాళ్లకు సాయంత్రం సభ ముగిసేసరికి ఇక్కడ మాకు మరుసటి రోజు మధ్యాహ్నం. వాళ్లు పడుకుని లేచేలోపు టైపు చేసిన కాగితాలు సిద్ధంగా ఉంటాయి. నిబంధన ఒక్కటే: ఏదీ సరిదిద్దకూడదు, ఏదీ వదలకూడదు. దగ్గితే బ్రాకెట్లో దగ్గు అని పెట్టాలి. జనం చప్పట్లు కొడితే చప్పట్లు. ఊరుకుంటే నిశ్శబ్దం.

ఆయన విపరీతంగా దగ్గేవాడు.

మొదటి వారంలోనే నాకొక సంగతి అర్థమైంది. ప్రతి మాటా అన్నాడు కాబట్టి ఆయన నిజంగానే ప్రతి మాటా రికార్డు చేయిస్తున్నాడు. పొద్దున హోటల్లో గుడ్లు ఎలా కావాలో చెప్పడం, కారులో దారి తప్పి గొణుక్కోవడం, పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచి "ఆ… ఆ" అనడం, అన్నీ నాకు వచ్చేవి. ప్రచారం చూసుకునే ఆవిడ ఒకామె ఎప్పుడూ ఆయన పక్కనే ఉండేది. "సభల్లో మాట్లాడినవి చాలు, పళ్ల డాక్టరు ఎందుకు?" అని ఆమె పోరు. "'ప్రతి మాటా' అన్నాను. 'సభలో మాట్లాడే ప్రతి మాటా' అనలేదు" అని ఆయన జవాబు. ఒకరోజు ఒక చెరువు ఒడ్డున ఓటర్లతో మాట్లాడుతుంటే బాతుల్లాంటి పెద్ద పక్షులు ఆయన వెంటపడ్డాయి. ఆ రోజు ఫైలులో రెండున్నర పేజీలు పరుగు, రొప్పు, పక్షుల అరుపు, రొప్పు అని బ్రాకెట్లే ఉన్నాయి. వెబ్‌సైట్‌లో యథాతథంగా పెట్టారు. నాకు తెలిసి దాన్ని ఎవరూ చదివినట్టు లేదు.

మా ఇంట్లో మాత్రం ఆయనకు ఒక అభిమాని తయారైంది. మా అత్తమ్మ.

అత్తమ్మ నిజామాబాద్ నుంచి మా దగ్గరికి వచ్చి అప్పటికి ఏడాది దాటింది. ముప్ఫై ఏళ్లు మండలాఫీసులో రికార్డులు చూసి రిటైరైన మనిషి. మా ఆయన పొద్దున్నే టైర్ల షాపుకు వెళ్లిపోతే ఇంట్లో మేమిద్దరమే. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆమె మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"ఏమంటుండు ఇయ్యాల మన జడ్జి?"

నేను చెప్పేదాన్ని. మొదటిసారి విన్నప్పుడు ఆమె ముద్ద చేతిలో పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది.

"ఓట్లేసి జడ్జిని పెట్టుకుంటరా? మరి ఆయన కాడ కేసు ఓడిపోయినోడు ఓటు ఎట్లేస్తడు?"

"నాకు తెల్వది అత్తమ్మా."

"గెలిచినోళ్లు సగం, ఓడినోళ్లు సగం ఉంటరు ఎప్పటికైనా. ఇంగ ఎలక్షన్ ఎందుకు?"

నేను ఆమె కంచంలో ఇంకో గరిటె పప్పు వేశాను.

ఆయన ఊరూరా చెప్పే జోకు ఒకటుండేది. ఒకాయన వచ్చి 'జడ్జిగారూ, నాకు న్యాయం కావాలి' అన్నాడట. 'నా దగ్గర చట్టం ఒక్కటే ఉంది బాబూ, దాంతో సరిపోతుందేమో చూద్దాం' అన్నాడట ఈయన. ఆ జోకును నేను ఎన్నిసార్లు టైపు చేశానో చెప్పలేను. చివరికి ఆయన గొంతు సవరించుకునే తీరును బట్టి జోకు వస్తోందని పోల్చుకునేదాన్ని. జోకు తరవాత అసలు ఉపన్యాసం వచ్చేది. చట్టంలో ఏం రాసి ఉంటే అదే చదువుతాను, రాసినవాళ్ల మనసులో ఏముందో చెప్పడానికి నేను సోదెగాణ్ణి కాను, రాసింది నచ్చకపోతే రాసేవాళ్ల దగ్గరికి వెళ్లి మార్పించుకోండి, నా దగ్గరికి రాకండి. ఇదీ సారాంశం.

దీన్ని నేను తెలుగులో చెప్పిన రోజు అత్తమ్మ కంచం ముందు నుంచి లేచినంత పని చేసింది.

"నేను మండలాఫీసుల మొత్తుకున్నది గదే కదా! అర్జీల ఏమున్నదో గదే చూస్త, నీ కతంతా నాకు జెప్పకు అంటుంటి. ఎవడన్న ఇన్నడా? ఆఖరికి అమెరికాల ఒకడు మోపైండు!"

ఆ ఉత్సాహం వీధిలోకి ఎప్పుడు వెళ్లిందంటే, వడియాలు పెట్టినప్పుడు.

మా వీధి కొత్తది. ఇళ్లన్నీ ఒకే బూడిద రంగు, ఒకే ఎత్తు కంచెలు. ఇల్లు కొన్నప్పుడు కాలనీ నియమాలని ఒక కాగితాల కట్ట మీద మాతో సంతకాలు పెట్టించారు. ఇక్కడ చలికాలం పోయే సెప్టెంబరు చివర్లో రెండు రోజులు ఎండ కాసేసరికి అత్తమ్మ సగ్గుబియ్యం వడియాలు పెట్టాలని తీర్మానించింది. ఇంటి వెనక నీడ. ముందు డ్రైవ్‌వే మీద మంచి ఎండ. తన పాత నూలు చీర పరిచి, వరసలు తప్పకుండా వడియాలు పెట్టి, పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. గంట తిరిగేసరికి కాలనీ కమిటీలో ఉండే ఇక్కడే పుట్టి పెరిగిన ఒక కివీ పెద్దావిడ కాగితం పట్టుకుని వచ్చింది. మర్యాదస్థురాలు. రోజూ కుక్కను తిప్పుతూ మాకు చెయ్యి ఊపేది. నేను పని ఆపి బయటికి వచ్చాను.

"చాలా ఇబ్బందిగా ఉంది చెప్పడానికి. వీధిలోకి కనబడేలా బట్టలు ఆరవేయకూడదని నియమం ఉందమ్మా" అంది ఆవిడ.

"ఏందంట?" అంది అత్తమ్మ.

"బట్టలు ఆరేసిన్రు అంటున్నది."

"ఏ బట్టలు?"

"చీర."

అత్తమ్మ వంగి చీర అంచు రెండు వేళ్లతో నలిపి చూసింది. "గిది ఎప్పుడో ఎండిన చీర. ఆరుతున్నయి వడియాలు. వడియాలు బట్టలా కాదా, అడుగు."

వడియానికి ఇంగ్లిష్‌లో మాట లేదు. ఇంకా వేయించని ఒక రకం చిరుతిండి అని చెప్పి, అది బట్టల కిందికి వస్తుందా అని అడిగాను. ఆవిడ వడియాలనూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"కానీ నియమం ఉద్దేశం వీధి శుభ్రంగా కనబడాలని కదా" అంది.

నేను అది చెప్పగానే అత్తమ్మ అరచెయ్యి అడ్డంగా ఊపింది. "ఉద్దేశం నేనడగలే. రాసింది చదువమను."

పెద్దావిడ పెదవులు కదుపుతూ మళ్లీ చదివింది. చదివి, ఏమనుకుందో, తల ఊపింది. "బట్టలు అనే ఉంది. మీ అత్తగారు చెప్పింది నిజమే." కుక్కను తీసుకుని వెళ్లిపోయింది. అత్తమ్మ ఆ సాయంత్రం కొడుక్కు ఆ కథ మూడుసార్లు చెప్పింది. మూడోసారికి అందులో అమెరికా జడ్జి కూడా డ్రైవ్‌వే మీద నిలబడ్డాడు.

పది రోజుల తరవాత మా పోస్టుడబ్బాలో కొత్త కాగితం వచ్చింది. వీధిలోకి కనబడేలా బట్టలు గాని, తినుబండారాలు గాని, మరే ఇతర వస్తువులు గాని ఆరవేయరాదు.

మా ఆయన మండిపడ్డాడు. "చూసినవా అమ్మా? మనమీదనే రాసిన్రు ఇది!"

అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, నాతో రెండుసార్లు అర్థం చెప్పించుకుని, తృప్తిగా మడతపెట్టింది. "గిప్పుడు సక్కగ రాసిన్రు. రాయకముందు ఆపుడు తప్పు. రాసినంక ఆగకుండుడు తప్పు. జడ్జి జెప్పింది గిదే." మర్నాడు తానే ఆ పెద్దావిడ ఇంటిదాకా నడిచి వెళ్లి, తలుపు కొట్టి, కాగితం చూపించి బొటనవేలు పైకెత్తి వచ్చింది. వడియాలు పెరట్లోకి మారాయి. ఆదివారం మా ఆయన కారు కడిగి డ్రైవ్‌వే మీద వదిలేస్తే, "లోపట పెట్టురా, కారు ఆరుతున్నది" అని తిట్టింది. ఆయన నావైపు చూశాడు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

నా తప్పు జరిగింది అక్టోబరు మధ్యలో. జడ్జికి జలుబు ముదిరింది. ఒక బడిలో, ఫ్యాన్లు గిర్రున తిరిగే హాల్లో సభ. నేను సగం ఫైలు పూర్తిచేసేసరికి పెరట్లోంచి అత్తమ్మ కేక వేసింది. "బిడ్డా, వాన! ఉరుకు!" ఆక్లాండ్‌లో వసంతమంటే పది నిమిషాల ఎండ, పది నిమిషాల వాన. చేతిలో ఉన్న వాక్యం గబగబా కొట్టి పరుగెత్తాను. చీర నాలుగు కొసలూ పట్టుకుని మోసుకొచ్చాం. తిరిగి వచ్చి మిగతాది పూర్తిచేసి పంపించాను.

రెండు రోజుల తరవాత వచ్చిన ఫైలులో ఒక విలేకరి ఆయన్ని అడుగుతున్నాడు.

"ఇప్పుడు చట్టాన్ని మార్చబోతున్నానని మీరన్నారు. మీ వెబ్‌సైట్‌లోనే ఉంది. ఇన్నాళ్లూ చెప్పినదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం కాదా?"

"నేను అలా అనలేదు."

"ఏం మాట్లాడాననే అనుమానం వస్తే ఆ రాతే ఆఖరు అన్నది మీరే కదండీ?"

బ్రాకెట్లో నిశ్శబ్దం అని కొట్టాను. ఆ సభ ఫైలు కొట్టింది నేనే. పెడల్ వదిలేసి పాత ఫైలు తెరిచాను. జలుబు గొంతుతోనే అయినా స్పష్టంగా అన్నాడు, చట్టాన్ని మార్చబోవడం లేదని. ఇంగ్లిష్‌లో 'కాదు' అని చెప్పే 'నాట్'కూ, 'ఇప్పుడు' అని చెప్పే 'నౌ'కూ చివరి అక్షరం ఒక్కటే తేడా. రెండూ సరైన మాటలే కాబట్టి కంప్యూటర్ ఎర్రగీత పెట్టలేదు. ఒక సంప్రదాయవాది జడ్జి తన జన్మలో అనకూడని మాటను నేను ఆయన నోట్లో పెట్టి, వడియాలు తేవడానికి వెళ్లాను.

మిగతా రికార్డింగ్ వినక తప్పదు. అది నా పని. తరవాతి భాగం కారులో. ప్రచారం చూసుకునే ఆవిడ గొంతు పెద్దదైంది.

"టైపు తప్పు అని చెప్పండి! ఒక్క నిమిషం పని!"

"ఎలా చెప్పను?"

"నేను అన్నది ఇది, నా ఉద్దేశం ఇది అని చెప్పండి."

"ఉద్దేశం!" అన్నాడాయన. తరవాత చాలా దగ్గు. "ఒక రైతు కేసు చెప్తాను విను. చట్టంలో ఒక మాట తప్పుగా అచ్చయింది. అది తప్పని నాకు తెలుసు, ఆయన లాయరుకు తెలుసు, గుమ్మం దగ్గరి జవానుకు కూడా తెలుసు. రాసింది రాసినట్టే చదివాను. ఆ రైతు ఓడిపోయాడు. ఇప్పుడు తప్పు నా మీద పడేసరికి ఉద్దేశం చూడండి బాబూ అని ఊళ్లో తిరగమంటావా?"

కారు కిటికీ దించిన చప్పుడు వినిపించింది. తరవాత ఆయనే అన్నాడు. "ఆ టైపు చేసినవాడు ఏ దేశంలో ఉన్నాడో గాని, వాడి పది వేళ్లకూ గుర్రపు నాడాలు కొట్టాలి."

నిబంధన ప్రకారం ఏదీ వదలకూడదు. నా పది వేళ్లతో అది కూడా కొట్టాను. 'వాడు' అన్నాడు కాబట్టి 'వాడు' అనే ఉంచాను.

ఆ రోజు అన్నం సహించలేదు. సాయంత్రం మా ఆయన వచ్చాక ఇద్దరికీ చెప్పాను.

"ఎవరికన్నా తెలుసా నువ్వే చేసినవని?" అన్నాడు మా ఆయన.

"లే."

"మరి సప్పుడు జేయకు. వాళ్ల ఎలక్షన్‌తోని మనకేం పని?"

అత్తమ్మ ఊరుకోలేదు. "రికార్డుల తప్పు పడితే సప్పుడు జేయకుంటరార? ముప్ఫై ఏండ్లు ఏం జేసిన నేను? తప్పు పడ్డ కాడ తుడువద్దు. గీత గొట్టి, పక్కన సరైంది రాసి, సంతకం వెట్టాలె. ఎవరు జేసిన్రు, ఎందుకు జేసిన్రు, గది గూడ రాయాలె. గదీ పద్ధతి."

మర్నాటి ఫైలు మొదట్లో, ఎవరినీ అడగకుండా, ఒక బ్రాకెట్ తెరిచాను. ఫలానా సభలో ఆయన అన్నది 'నాట్' అని, నేను 'నౌ' అని కొట్టానని, పొరపాటు టైపిస్టుదని రాశాను. ఎందుకు జరిగిందో కూడా రాయాలని అత్తమ్మ అన్నది గుర్తొచ్చి, వాన వస్తోంది అని చేర్చాను. కింద నా పేరులోని మొదటి అక్షరాలు పెట్టి పంపించాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది.

"అక్కా, నీకేమైనా పిచ్చా? క్లయింట్ డాక్యుమెంట్‌లో వాన అని రాస్తావేంటి?"

"నిజంగనే వానొచ్చింది."

"తప్పు ఉంటే నాకు చెప్పాలిగా! నేను మెయిల్ పెట్టేదాన్ని. వాళ్లు చూసుకోకుండా సైట్‌లో పెట్టేశారు. ఇప్పుడది తీస్తే ఇంకో గొడవ. నిన్ను ఆ ఫైలు నుంచి తీసేస్తున్నా అక్కా, ఏమనుకోకు."

ఏమీ అనుకోలేదు. రెండు రోజులు చర్మవ్యాధుల డాక్టరు ఉత్తరాలు కొట్టాను. అత్తమ్మ మధ్యాహ్నాలు జడ్జి సంగతి అడగలేదు. గజ్జి గురించి చెప్పబోతే వద్దంది.

మూడో రోజు సూపర్‌వైజర్ ఒక రికార్డింగ్ ముక్క పంపింది. కింద "ఇది విను" అని మాత్రమే రాసింది. ఏదో పెద్ద హాలు. ఆయన గొంతు సవరించుకున్నాడు. జోకు వస్తుందనుకున్నాను. రాలేదు.

"నేను అనని మాట ఒకటి రాతలో ఉందని అందరూ అంటున్నారు. రాసిందే ఆఖరు అన్నాను కాబట్టి దాని గురించి నేను నోరు మెదపలేదు. కానీ ఈ వారం రాతలోనే ఇంకో మాట చేరింది. ఇది నా ఉద్దేశం కాదు, నా వివరణ కాదు. రాసి ఉంది. రాసి ఉన్నది చదివే హక్కు నాకుంది." కాగితం చప్పుడు. నా బ్రాకెట్ మొత్తం, నా పొడి అక్షరాలతో సహా, ఒక రాష్ట్రపు ప్రధాన న్యాయమూర్తి కావాలనుకునే మనిషి సభలో నిలబడి చదివాడు. వాన దగ్గర ఆగాడు. "ఎక్కడ వచ్చిందో రాయలేదు" అన్నాడు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. తరవాత దగ్గు.

దాన్ని అత్తమ్మకు స్పీకర్‌లో వినిపించాను. ఇంగ్లిష్ రాకపోయినా చప్పట్లు వచ్చినప్పుడు తలకొంగు సర్దుకుంది.

ఆయనే అడిగాడట, ఆ బ్రాకెట్ పెట్టిన మనిషికే ఫైళ్లు ఇమ్మని. మళ్లీ నాకే వచ్చాయి. అప్పటి నుంచి ఆయనకు ఒక అలవాటైంది. పొద్దున కారెక్కగానే రికార్డర్‌ను నోటి దగ్గర పెట్టుకుని, "టైపిస్టుగారూ, మీ దగ్గర వాన ఉందా?" అనేవాడు. ఇప్పుడు 'వాడు' పోయి 'గారు' వచ్చింది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం మర్యాద కాదు. నేను బ్రాకెట్ తెరిచి, ఎండగా ఉంది, గాలి ఎక్కువ, అని పెట్టేదాన్ని. సూపర్‌వైజర్ మొదట అరిచింది, తరవాత వదిలేసింది. అలా ఆ ఎన్నికల అధికారిక రాతల్లో మూడు వారాల టకానిని వాతావరణం చేరింది. అక్కడ ఎవరికి పనికొచ్చిందో నాకు తెలియదు.

వాళ్ల మంగళవారం సాయంత్రం మా బుధవారం మధ్యాహ్నం. ఆ రోజు మా ఆయన కూడా టైర్ల షాపు నుంచి భోజనానికి ఇంటికి వచ్చాడు. ముగ్గురం వంటింటి బల్ల దగ్గర ఫోన్లో ఫలితాలు చూస్తూ కూర్చున్నాం. మాకు ఓటు లేదు, ఆ రాష్ట్రం పటంలో ఎక్కడుందో మా ఆయన అప్పుడే వెతికాడు. జడ్జి ఓడిపోయాడు.

"ఎంతతోని?" అంది అత్తమ్మ.

"బాగనే ఉన్నది తేడా."

"నీ అక్షరం వల్లనా?" అన్నాడు మా ఆయన.

ఆ ప్రశ్నే నన్ను తినేస్తోంది. రాత్రి ఫైలు వచ్చేదాకా ఆగి, మర్నాడు పొద్దున్నే కూర్చుని విన్నాను. అదే ప్రశ్న జడ్జి కూడా ప్రచారం చూసుకునే ఆవిడను అడిగాడు. ఆవిడ అలిసిపోయిన గొంతుతో, "ఆ సంగతి మనం తప్ప ఎవరూ పట్టించుకోలేదు. చాలామందికి మీరు పోటీలో ఉన్నట్టే తెలియదు" అంది. పెద్ద బరువు దిగింది. దిగిన కాసేపటికి కొంచెం అవమానంగా కూడా అనిపించింది. ఇన్ని రోజులు ఒక రాష్ట్రం తలరాత నా చిటికెనవేలి మీద ఉందనుకున్నాను.

పని అయిపోయిందనుకుంటే కాలేదు. ఓట్ల లెక్కింపు పూర్తయ్యేదాకా అన్నాడు కదా. ఎవరు గెలిచారో ఆ రోజే తేలిపోయినా, అధికారికంగా లెక్కింపు పూర్తయిందని సంతకాలు పడడానికి మరికొన్ని వారాలు పడుతుందట. అప్పటిదాకా మాట మాటే. ఓడిన మనిషి మెడలో రికార్డర్ వేసుకుని రోజూ లేచేవాడు. ప్రచారం చూసుకునే ఆవిడ వెళ్లిపోయింది. సభలు లేవు. ఫైళ్లు చిన్నవయ్యాయి. ఒకరోజు మొత్తం మీద ఆరు మాటలు: గుడ్లు, కాఫీ, థ్యాంక్స్, అలాంటివి. ఇంకోరోజు ఎవరితోనో ఫోన్లో పాత కేసు రైతు పొలం ఇప్పుడెవరి చేతిలో ఉందని అడిగాడు. అవతలి జవాబు నాకు వినపడలేదు. ఫోన్ పెట్టేసిన చప్పుడు అని కొట్టాను.

చివరి వారం ఆయన తన పేరున్న ప్రచారం బోర్డులను జనాల ఇళ్ల ముందు నుంచి ఒక్కడే పీకడం మొదలుపెట్టాడు. కారు ఆగడం, తలుపు, అడుగులు, ఒక రొప్పు, డిక్కీలో రేకు పడ్డ చప్పుడు. ఇవే మళ్లీ మళ్లీ. ఇక్కడ ఎండలు ముదురుతున్నాయి, నేను గరాజ్ తలుపు పైకెత్తి పనిచేస్తున్నాను. అక్కడ నేల అప్పుడే గడ్డకట్టింది. ఆఖరి ఫైలులో ఒక బోర్డు రాలేదు. ఆయన లాగడం, ఆగడం, దగ్గడం, మళ్లీ లాగడం పావుగంట విన్నాను. చివరికి ఒక తలుపు తెరుచుకుంది. ముసలావిడ గొంతు.

"ఏం చేస్తున్నావయ్యా అక్కడ?"

"నా బోర్డు తీసేస్తున్నానండీ. ఎన్నికలయ్యాక తీసేయాలని నియమం."

"వసంతం దాకా అది కదలదు. నా ఇనుప పార విరిగింది దాని దగ్గరే. అసలు నువ్వు దేనికి నిలబడ్డావు?"

"ప్రధాన న్యాయమూర్తి పదవికి."

"అలాగా. నేను నీకే వేశాననుకుంటా. లోపలికి రా, చేతులు నీలంగా అయిపోయాయి."

ఆయన వెంటనే కదల్లేదు. బోర్డును ఇంకోసారి లాగిన చప్పుడు వచ్చింది. తరవాత మంచు మీద బూట్ల చప్పుడు, మెట్లు, ఒకటి, రెండు, మూడు. గుమ్మం దగ్గర ఆవిడ, "ఆ మెడలో ఏంటది, చెవిటి మిషనా?" అని అడిగింది. ఆయన నవ్వాడు. మూడు నెలల్లో మొదటిసారి దగ్గు రాని నవ్వు. రికార్డర్ తీసి ఎక్కడో పెట్టినట్టున్నాడు, గొంతులు దూరమయ్యాయి. కప్పుల చప్పుడు వినిపించింది గాని మాటలు అందలేదు.

పెద్దగా పెట్టి మూడుసార్లు విన్నాను. అందలేదు. బ్రాకెట్లో 'వినబడలేదు' అని కొట్టి పంపించాను.